నాలుగో మాట

పర్లాకిమిడిలో కోట వెనక సందు, బెణు భాయి కొట్టు.
అరగంటకి రెండు రూపాయలు.
మిగతా క్యాసెట్ల మీద లక్షల ఆటలని రాసుండేది,
ఆడితే అవే ఏడో ఎనిమిదో.
ఈ పసుప్పచ్చ దాంట్లో ఒక్కటే ఆట,
అదీ ఊళ్ళో ఎవరికీ రాని జపాను భాషలో.

తుపాకీ లేదు, గెంతడం లేదు.
మంచు పడే ఊరు, వేణ్ణీళ్ళ సత్రం,
మెట్ల కింద బోర్లా పడున్న మనిషి.
గొడుగు పట్టుకున్న డిటెక్టివు
మనం నొక్కేదాకా కదలడు.
పక్కన నిలువుగా ఐదు మాటలు,
వాటి మీద ఎక్కీ దిగే బాణం గుర్తు.

ఇంట్లో తెలుగు మాటాడి బళ్ళో ఒడియా రాసేవాణ్ణి.
అమ్మ తెలుగులో రాసిచ్చిన సరుకుల చీటీని
కిరాణా కొట్టు దాకా బొమ్మలా మోసుకెళ్ళేవాణ్ణి.
చదవలేనిదాన్ని మొయ్యడం నాకు కొత్త కాదు.

లుక్కాయి సబర నాకంటే నయం.
వాళ్ళ అక్షరాలు కొండ మీద గుళ్ళో ఉంటాయట,
ముందు దణ్ణం పెట్టి తరవాత దిద్దాలట.
హాస్టలు గోడ దూకి వచ్చి నా పక్కన కూచుని
తెర మీది గీతల్ని గాల్లో వేలితో రాసేవాడు.
“ఇది కొడవలి. ఇది తేలు. ఇది విరిగిన నిచ్చెన.”

నొక్కి నొక్కి అర్థం చేసుకున్నాం.
మొదటిది వెళ్ళు. రెండోది చూడు. మూడోది తీసుకో.
నాలుగోది నొక్కితే ఎదుటివాళ్ళు ఏదో చెప్పేవాళ్ళు,
కాబట్టి అది అడుగు అని తేల్చేశాం.
ఐదోది, ఇవాల్టికి చాలు.
చాలంటే ఇరవై నాలుగు అక్షరాలిచ్చేది,
అవి తిరిగి వేస్తేనే రేపు కథ ముందుకి.
లుక్కాయి నోటుబుక్కులో దించేవాడు.
ఒక్క వంపు తప్పినా సత్రం తలుపు తెరుచుకోదు.

వంటమనిషికి నూకరత్నం పిన్ని అని పేరెట్టాం,
బట్టతలాయనకి ట్రెజరీ బాబు.
జడ విప్పుకుని కిటికీ దగ్గర నిలబడే పిల్లకి
ఇద్దరం పేరు పెట్టలేదు.

దువ్వెన దొరికిన రోజు
అందర్నీ నాలుగో మాటతో అడిగాం.
వంటమనిషి ఏడ్చింది. ట్రెజరీ బాబు తెల్లబోయాడు.
“అంతలా ఏం అడిగేవురా?” అన్నాడు లుక్కాయి.
అప్పుడే కరెంటు పోయింది.

ఆ చీకట్లో తీశాను.
చొక్కా కింద వెచ్చగా ఉంది,
ఇప్పుడే పెట్టిన గుడ్డులా.

మర్నాడు బెణు భాయి ఏ పరిశోధనా చెయ్యలేదు.
కొండకుర్రాడి చెవి పట్టుకుని
వార్డెను దాకా నడిపించాడు.
“ఈ దొంగరాతలు చూడండి సార్,” అని
నోటుబుక్కు తెరిచి చూపించాడు.
కిరాణా కొట్టు అరుగు మీద నేను,
రెండో మాట ఒక్కటే నొక్కుతూ.

చిన్నరైలు పట్టాలు పీకి పెద్దవి వేశారు.
బెణు భాయి కొట్టు ఇప్పుడు బిరియానీ సెంటరు.
నేను రిజిస్ట్రాఫీసు ముందు దస్తావేజులు రాస్తాను,
“నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా”
అని రోజుకి పదిసార్లు.

మొన్న మేనల్లుడు బరంపురం పాతసామాన్లలో
ఆ మిషను వెతికి తెచ్చాడు.
తెరకి ఫోను అడ్డం పెడితే వంకరటింకర తెలుగు.
వెళ్ళు సరే. చూడు సరే. తీసుకో సరే.
నాలుగోది అడుగు కాదు.
చూపించు.

మేం ఎవర్నీ ఏమీ అడగలేదన్నమాట.
దువ్వెన తీసి వాళ్ళ మొహం ముందు పెట్టాం, అంతే.

హంతకుడెవరో నాకింకా తెలీదు.
అక్కడిదాకా తీసుకెళ్ళే ఇరవై నాలుగు అక్షరాలు
ఉంటే లుక్కాయి దగ్గరే ఉండాలి.
సెరంగ అవతల బడిపంతులట, అనాస తోటట.

సెరంగ బస్సులో కిటికీ సీటు.
ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పసుప్పచ్చ ముక్క.
ఎలా మొదలెట్టాలో మూడు భాషల్లో రాసుకుంటున్నాను,
కొట్టేస్తున్నాను.
ఘాటీ మలుపు తిరిగినప్పుడల్లా
బాణం గుర్తు
నాలుగో మాట పక్కన ఆగి మిణుకుతోంది.